పిట్టల పొలిమేర, మన పొలం గట్టు



ఈ నెల మన శీర్షికలో పిట్టల తగవులను గూర్చి రాస్తున్నాము. మనుష్యుల తగవులే తీరడం లేదు, ఇక పిట్టల తగవులెందుకని కొందరు అడుగవచ్చు. చలికాలంలో చిన్న చిన్న పిట్టలు చోటు కోసం ఎలా పోట్లాడుకొంటాయో, ఎక్కడ ఆపుతాయో తెలుసుకొంటే, మన గట్టు తగవులు ఎందుకు ఆగవో కొంత అర్థమవుతుంది. అందుకే ఈ నాలుగు మాటలు.

చలికాలపు అతిథులు

ఎర్రగుంట్ల పేరు చెప్పగానే నాపరాయి, సిమెంటు ఫ్యాక్టరీలు, రైల్వే జంక్షను గుర్తుకు వస్తాయి. గనుల దుమ్ము, లారీల మోత మధ్య పిట్టలెక్కడివి అనుకుంటాము. కాని దసరా దాటి, నల్లరేగడి చేలల్లో శనగ విత్తే రోజులకు మన ప్రాంతానికి కొత్త పిట్టలు వస్తాయి. హిమాలయాల్లో, వాటికి ఆవల మధ్య ఆసియా కొండల్లో, సైబీరియాలో చలి ముదరకముందే అవి బయలుదేరుతాయి. చేతిలో పటము లేదు, ముందు నడిచే మనిషి లేడు. సృష్టికర్త వాటిలో పెట్టిన తెలివితోనే వేల మైళ్లు ఎగిరి వస్తాయి. ఎండలు ముదిరేలోగా తిరిగి వెళ్లిపోతాయి.

వాటిలో ఒకటి కాటుకపిట్ట. నలుపు తెలుపు రంగులు, పొడుగాటి తోక. ఆ తోకను ఆడించకుండా ఒక్క క్షణం నిలువదు. చెరువు అంచున, కాలువ పక్కన, తడి మడిలో నడుచుకుంటూ పురుగులు ఏరుకొంటుంది.

ఇంకొకటి రాతినేలను ఇష్టపడే పిట్ట. నాపరాళ్ల గుట్టల మీద, పాత గోడల మీద ఒంటరిగా కూర్చుంటుంది. మగపిట్టకు మెడ, రొమ్ము నలుపు. పొట్ట, తోక ఇటుక రంగు. గాలికి దీపం వత్తి అల్లాడినట్లు దాని తోక వణుకుతూ ఉంటుంది. మద్రాసు రాజధానిలో వైద్యుడుగా పనిచేసిన జెర్డాన్ దొరగారు 1860 దశకంలో అచ్చువేసిన తమ పక్షుల గ్రంథంలో ఈ పిట్టకు తెలుగువారు పెట్టుకొన్న పేరు నూనెబుడ్డిగాడు అని రాశారు. కలివికోడిని 1848లో శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చింది కూడా ఆయనే. ఆ కలివికోడి ఇక లేదని అందరూ అనుకొన్న తరువాత 1986లో మన కడప జిల్లాలోనే మళ్లీ కనబడింది.

ఈ నూనెబుడ్డిగాణ్ణి గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. అది ఉన్న గుట్ట మీద దాని జాతి పిట్ట మరొకటి సాధారణంగా ఉండదు. ఉండబోతే ఇది తరిమివేస్తుంది. స్పెయిను దేశపు దక్షిణ భాగంలో చలికాలం గడిపే ఈ జాతి పిట్టలను గూర్చి 1995లో ఒక పరిశోధన అచ్చయింది. వలస వచ్చిన చోట కూడా ఇవి తలా ఒక తావు పట్టుకొని దానిని కాపాడుకొంటాయని అందులో తేలింది.

ఇది ఆలోచించవలసిన సంగతి. వసంతంలో గూడు కట్టేటప్పుడు పిట్టలు పోట్లాడుకొన్నాయంటే అర్థముంది. జత ఉన్నది, గుడ్లు ఉన్నవి, పిల్లలు ఉన్నవి. చలికాలంలో ఇవేమీ లేవు. నాలుగు నెలలుండి పోయే పరాయి నేల. అయినా పోట్లాట ఎందుకు? కడుపు కోసం. చలిలో పురుగు తక్కువగా దొరుకుతుంది. పగలు చిన్నది. గుప్పెడంత శరీరం తెల్లవారేదాకా వేడిగా ఉండాలంటే పొద్దు గూకేలోగా కడుపు నిండాలి. ఒకే గుట్ట మీద ఇద్దరు ఏరుకొంటే ఇద్దరికీ చాలదు. అందుచేత ఆ తగవుకు ఒక కారణమున్నది. కారణమున్నది కనుకనే దానికి ఒక హద్దు కూడా ఉన్నది.

ఏటి గట్టున నేర్చిన లెక్క

ఆ హద్దు ఎలాంటిదో ఇంగ్లాండులో కాటుకపిట్టలను చూసిన ఒక శాస్త్రజ్ఞుడు చక్కగా లెక్కగట్టి చూపించాడు. ఆయన పేరు నికొలస్ డేవిస్. 1970 దశకంలో ఆక్స్‌ఫర్డు పట్టణం దగ్గర థేమ్స్ నది ఒడ్డున చలికాలమంతా కూర్చుని ఆయన వాటిని గమనించాడు.

నది నీరు చిన్న చిన్న పురుగులను కొట్టుకొని వచ్చి ఒడ్డున వేస్తూ ఉంటుంది. ఒక కాటుకపిట్ట కొంత ఒడ్డును తనదిగా పట్టుకొంటుంది. ఒక పక్క ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయి, రెండవ పక్క ఒడ్డు వెంట తిరిగి వస్తుంది. ఆ చుట్టు పూర్తికావడానికి సుమారు 40 నిమిషాలు పడుతుంది. అది బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేసరికి నది మళ్లీ కొత్త పురుగులను తెచ్చి వేసి ఉంటుంది. మన రైతు ఒక మడి తరువాత ఒక మడికి వంతుగా నీరు పెట్టుకొన్నట్లే ఇదీ ఒక వంతు. మధ్యలో వేరే పిట్ట దిగి ఏరుకొంటే ఈ వంతు చెడుతుంది. అందుకే తరుముతుంది.

అయితే ప్రతిసారి తరుమవలసిన పని రాదు. పైన ఎగిరిపోయే కొత్త పిట్ట ఒక కూత కూస్తుంది. క్రింద యజమాని ఉంటే బదులు కూస్తుంది. ఆ బదులు వినగానే కొత్త పిట్ట తన దారిన పోతుంది. ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని అది అడిగింది, ఉన్నామని ఇది చెప్పింది, అంతటితో సరి. ఒక్క ఈక రాలలేదు. ఆ కూతలను గూర్చి డేవిస్ 1981లో ప్రత్యేకంగా రాశాడు.

ఇంకా ముచ్చటైన సంగతి ఆయన హ్యూస్టన్ అనే మరొక శాస్త్రజ్ఞునితో కలిసి అదే సంవత్సరం వెల్లడిచేశాడు. ఒడ్డున పురుగులు సమృద్ధిగా ఉన్న రోజుల్లో యజమాని పిట్ట మరొక పిట్టను తన హద్దులో ఉండనిస్తుంది. చాలవరకు అది చిన్న వయసు పిట్టే. ఇద్దరూ చెరి సగం నడిచి ఏరుకొంటారు. పరాయి పిట్టలు వస్తే తరిమే పనిలో ఆ రెండవది తోడు పడుతుంది. పురుగులు తగ్గిన రోజున యజమాని దానిని పంపివేస్తుంది. ఇంకా తగ్గితే యజమానే తన ఒడ్డును కాసేపు వదిలి, పిట్టల గుంపుతో కలిసి వేరే చోట మేసి, మధ్య మధ్య వచ్చి తన చోటు చూసుకొని పోతుంది.

చూశారా? ఆ పిట్టకు ఒడ్డు మీద పంతము లేదు. ఒడ్డు ఎందుకు కావాలో దానికి తెలుసు. సమృద్ధి ఉంటే పంచుకొంటుంది. లేకపోతే కాపాడుకొంటుంది. కాపలా వలన కడుపు నిండని రోజున కాపలా మానుతుంది.

ఎంత ఉంటే చాలు?

మన పెరళ్లలో తిరిగే తేనెపిట్టల బంధువులను గూర్చి కూడా ఇలాంటి లెక్క ఒకటున్నది. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో బంగారు రెక్కల తేనెపిట్టలు పూలగుత్తులకు కాపలా కాస్తాయి. ఆ పూలమొక్క మనకు కొత్తది కాదు. మన బీళ్లలో, గోడల వెంట పెరిగే రణభేరి మొక్కే. గిల్, వుల్ఫ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1975లో ఆ పిట్టల హద్దులను కొలిచి చూపారు. పూలు ఒత్తుగా ఉన్నచోట హద్దు చిన్నది. పలుచగా ఉన్నచోట పెద్దది. విస్తీర్ణంలో ఎంతో తేడా ఉన్నది. కాని పూలు లెక్కబెడితే ఒక్కొక్క పిట్ట కాపాడుకొనేవి దాదాపు సమానమే, సుమారు 1600. అంటే ఒక పిట్ట ఒక రోజు బ్రతకడానికి కావలసినన్ని.

ఎకరాల లెక్క దానికి లేదు. ఆకలి లెక్క ఉన్నది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చినప్పుడు పెట్టిన నియమం ఇదే గదా. ఎవరి ఇంటికి కావలసినంత వారు కూర్చుకోవాలి. తెల్లవారేదాకా దాచుకొన్నది పురుగు పట్టింది. నిర్గమకాండము 16వ అధ్యాయం మరలా చదువుకొనండి.

క్రిస్మసు కార్డు మీది పిట్ట

ఇంతవరకు చెప్పినవన్నీ వింటే పిట్టల లోకమంతా శాంతిమయమని తోచవచ్చు. అలా చెప్పడం న్యాయం కాదు. పూర్వం మన ఇండ్లకు వచ్చిన క్రిస్మసు కార్డులు గుర్తున్నాయా? మంచు పడిన కొమ్మ మీద ఎర్ర రొమ్ము పిట్ట ఒకటి ఉండేది. దాని పేరు రాబిన్. ఇంగ్లాండులో విక్టోరియా రాణి కాలంలో తపాలా బంట్రోతులు ఎర్రకోటు తొడుక్కొనేవారు కనుక వారిని ముద్దుగా రాబిన్లు అనేవారనీ, అలా ఆ పిట్ట కార్డుల మీదికి వచ్చిందనీ చెబుతారు.

శాంతి సమాధానముల పండుగకు గుర్తుగా ఎంచుకొన్న ఆ పిట్ట మహా తగవులమారి. చలికాలంలో మగది, ఆడది కూడా వేరు వేరు హద్దులు పట్టుకొంటాయి. రెండూ పాడతాయి. ఆ పాట మన చెవికి ఇంపు; మరొక రాబిన్ చెవికి హెచ్చరిక. చాలా తగవులు పాటతోనే తీరుతాయి. తీరకపోతే ఎర్ర రొమ్ము విప్పి చూపుతుంది. అప్పటికీ పోకపోతే కలియబడుతుంది. ఒక్కొక్కసారి ప్రాణం కూడా పోతుంది.

డేవిడ్ లాక్ అనే ఉపాధ్యాయుడు ఇంగ్లాండులోని డెవన్ ప్రాంతంలో ఒక పాఠశాలలో పనిచేస్తూ, రాబిన్ల కాళ్లకు రంగు ఉంగరాలు తొడిగి ఏండ్ల తరబడి వాటిని గమనించాడు. ఆయన పుస్తకం 1943లో వెలువడింది. ఒకసారి ఆయన ఒక రాబిన్ హద్దులో చచ్చిన రాబిన్‌ను కూరి నిలబెట్టాడు. హద్దు గల పిట్ట వచ్చి దాని మీద పడింది. ఊరికే ఒక గుప్పెడు ఎర్ర ఈకలు కట్టి పెట్టినా బెదిరించింది. రొమ్ము మీద ఎరుపు లేని పిల్ల రాబిన్‌ను కూరి పెడితే చాలవరకు పట్టించుకోలేదు. ఎదుటనున్నది ప్రాణమున్న పిట్టా కాదా అన్నది చూడలేదు. ఎరుపు కనబడితే చాలు, కోపం వచ్చింది.

వాటన్నింటిలో మనసుకు పట్టే సంగతి మరొకటి ఉన్నది. ఒక ఆడ రాబిన్ ఆ కూరిన పిట్టను పొడిచి పొడిచి వదలలేదు. చివరకు లాక్ ఆ బొమ్మను తీసివేశాడు. పిట్ట తిరిగి వచ్చింది. బొమ్మ ఉండిన చోట ఏమీ లేదు. అయినా ఆ ఖాళీ గాలిలోనే మళ్లీ మళ్లీ పొడిచింది.

మన ఊళ్లలో కూడా ఇలాంటిది చూడవచ్చు. మన నల్లంచి పిట్టను ఎరుగనివారు లేరు. తోక నిక్కబెట్టి, ఇంటి ముందర, దిబ్బల మీద, కంపచెట్ల మధ్య గంతులు వేసే నల్లని పిట్ట. అది వలస పిట్ట కాదు, మన ఊరిదే. చలికాలం తగ్గి జతకట్టే రోజులు దగ్గరపడగానే, నిలబెట్టిన మోటారు సైకిలు అద్దం మీద వాలి, అందులో కనబడే తన నీడనే పొడుస్తుంది. లోపల మరొక నల్లంచి తనను ఎదిరిస్తున్నదని దాని భ్రమ. తాను ఎంత కోపగిస్తే లోపలిది అంత కోపగిస్తుంది. తాను అలసిపోయి తొలగేదాకా లోపలిది తొలగదు. అలాంటప్పుడు అద్దానికి ఒక గుడ్డ చుట్టితే చాలు, పిట్ట తన పని చూసుకొంటుంది. ఇది చేయడం పిల్లలకు నేర్పండి. ఆ చిన్న ప్రాణి ఊరక అలసిపోకుండా కాపాడినవారవుతారు.

గట్టు అవతలివాడు

ఇక మన సంగతికి వద్దాము. గట్టు అన్నా, గెనిమ అన్నా, అది రెండు పొలాల మధ్య నాలుగడుగుల మన్ను. దున్నేటప్పుడు ఏటా ఒక చాలు లోపలికి పోతే పదేండ్లకు గట్టు సన్నబడుతుంది. ఒకడు అడుగుతాడు. రెండవవాడు కాదంటాడు. మాట మాట పెరుగుతుంది. మన సీమలో అలాంటి మాట ఎంతదూరం పోగలదో ఎవరికీ చెప్పనక్కరలేదు. రాత్రికి రాత్రి చీనీచెట్లు నరికిన కథలు, బోరులో రాళ్లు వేసిన కథలు వినని ఊరు తక్కువ. ఇక్కడే మనకూ పిట్టకూ తేడా వస్తుంది. ఏ కాటుకపిట్టా తాను పట్టుకోలేని ఒడ్డును పాడుచేసి పోదు. తనకు దక్కని తిండి పక్కవానికీ దక్కకూడదనే ఆలోచన దానికి లేదు.

రక్తపాతం దాకా పోని తగవులే మన సంఘాలలో ఎక్కువ. అవి చప్పుడు లేకుండా ఉంటాయి కనుక మనకు అలవాటైపోయాయి. ఒకే తల్లి బిడ్డలు గుడిలో చెరొక వైపు కూర్చుంటారు. ఒకరు ప్రభు భోజనమునకు లేస్తే ఇంకొకరు లేవరు. తోడికోడళ్లు ఇద్దరూ స్త్రీల మైత్రిలో ఉంటారు, పలకరింపు ఉండదు. పెదనాన్న ఇంట పెండ్లి అయితే చిన్నాన్న పిల్లలు మేళం విని తలుపు వేసుకొంటారు. అసలు తగవు పెట్టుకొన్న తాతలిద్దరూ సమాధుల తోటలో పక్క పక్కనే పండుకొని ఉంటారు. ఆ పొలం అమ్ముడుపోయి కూడా ఉండవచ్చు. అయినా మనుమలు మాట్లాడుకోరు. ఆడ రాబిన్ పొడిచిన ఖాళీ గాలి ఇదే. బొమ్మను తీసివేసి ఎన్నో ఏండ్లయింది. మనము మాత్రం పొడుస్తూనే ఉన్నాము.

నల్లంచి అద్దం కూడా మనకు తెలిసినదే. అవతలివాని ముఖంలో కనబడే కోపం చాలవరకు మన కోపపు నీడ. మనము తగ్గితే అదీ తగ్గుతుంది. ఎవరు ముందు తగ్గాలన్నదే తగవంతా.

పిట్టలను గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొన్న మరొక సంగతి ఇక్కడ చెప్పాలి. చాలా జాతుల పిట్టలు పక్క హద్దులోని పాత పొరుగుపిట్ట గొంతును గుర్తుపడతాయి. ఆ గొంతు వినబడితే పెద్దగా కలత చెందవు. ఎరుగని పిట్ట గొంతు వినబడితేనే లేచి వస్తాయి. హద్దును గౌరవించే పొరుగువాడు ఉండడమే మేలని వాటికి తెలుసు. జేమ్స్ ఫిషర్ అనే పండితుడు 1954లో ఇలాంటి పొరుగుపిట్టలకు ప్రియశత్రువు అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. శత్రువును ప్రేమించుమని ప్రభువు కొండమీద బోధించినప్పుడు ఆయన ఎదుట కూర్చున్నవారు గలిలయ పల్లెల రైతులు, జాలరులు. వారికి శత్రువు అంటే రోమా చక్రవర్తి ఒక్కడే కాడు. గట్టు అవతల దున్నుకొనేవాడు కూడా.

పిట్టలకు ధర్మశాస్త్రం లేదు, పాపపుణ్యాలు లేవు. అవి చేసినట్లల్లా మనము చేయాలని మేము చెప్పడం లేదు. కాని తెలివిలేని ప్రాణియే తన తగవుకు ఒక కొలత పెట్టుకొన్నప్పుడు, దేవుని స్వరూపములో చేయబడిన మనకు కొలత లేకపోవడం సిగ్గుచేటు.

ఇస్సాకు బావులు

నీటి కరువు నేలలో తగవు ఎలా తీర్చుకోవాలో ఆదికాండము 26వ అధ్యాయం చెబుతుంది. ఇస్సాకు గెరారులో విత్తనం వేసి ఆ ఏడే నూరంతల పంట తీశాడు. ఫిలిష్తీయులకు కన్నుకుట్టింది. అతని తండ్రి అబ్రాహాము కాలంలో త్రవ్విన బావులను మన్ను పోసి పూడ్చివేశారు. ఆ నీరు వారికీ పనికివచ్చేదే. అయినా పూడ్చారు. మన బోరులో వేసిన రాళ్లు కొత్తవి కావని దీనివలన తెలుస్తున్నది.

ఇస్సాకు లోయలోనికి పోయి బావి త్రవ్వాడు. జల పడింది. గెరారు కాపరులు అది మాదన్నారు. అతడు ఆ బావికి ఏశెకు అని పేరు పెట్టి ముందుకు పోయాడు. మరొకటి త్రవ్వాడు. దానికీ జగడమాడారు. దానికి శిత్నా అని పేరు పెట్టి ఇంకా ముందుకు పోయాడు. మూడవది త్రవ్వాడు. దానికి ఎవరూ తగవుకు రాలేదు. చోటు దొరికిందని చెప్పి దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. కథ ఇంతటితో అయిపోలేదు. అతణ్ణి వెళ్లగొట్టిన అబీమెలెకే తన స్నేహితుని, సేనాధిపతిని వెంటబెట్టుకొని అతని దగ్గరకు వచ్చి నిబంధన చేసుకొందామన్నాడు. ఇస్సాకు వారికి విందు చేశాడు. మరునాడు ఒకరికొకరు ప్రమాణం చేసుకొని వారు సమాధానంగా వెళ్లారు. ఆ దినమే అతని దాసులు వచ్చి, తాము త్రవ్విన బావిలో నీళ్లు పడ్డాయని చెప్పారు.

ఎండిన నేలలో బావి విడిచిపెట్టడం ఎంత కష్టమో మన రైతుకు వేరే చెప్పనక్కరలేదు. ఒక బోరు వేసి నీరు పడకపోతే అప్పు తీరడానికి ఏండ్లు పడుతుంది. ఇస్సాకు చేతకాక వదలలేదు. నీరు దేవుడిచ్చేదని నమ్మాడు కనుక, జగడమాడే చోట బ్రతుకంతా గడపడం కన్న ఇంకొక చోట త్రవ్వడం మేలనుకొన్నాడు.

ఒక హెచ్చరిక

ఈ కథను తప్పుగా వాడకూడదు. డి.కె.టి. పట్టా కింద ఎకరమో అర ఎకరమో వచ్చిన పేద విశ్వాసి పొలం లోనికి పెద్ద రైతు దున్నుకొంటూ వస్తే, ఇస్సాకు వలె వదిలిపెట్టుమని ఆ పేదవానికి బోధించడం సువార్త కాదు. ఇస్సాకు గొప్ప మంద గలవాడు, వదలగలిగినవాడు వదిలాడు. నాబోతు తన పితరుల ద్రాక్షతోటను అహాబు రాజుకు ఇవ్వనన్నప్పుడు దేవుడు నాబోతు పక్షమున నిలిచి ఏలీయాను పంపాడు. పొరుగువాని సరిహద్దు రాతిని జరుపువాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం చెబుతుంది. సామెతల గ్రంథం 23వ అధ్యాయం తండ్రిలేని వారి పొలంలో చొరబడవద్దని ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. హద్దు ఉండడం పాపం కాదు. హద్దు జరపడం పాపం. హద్దు పేరుతో ద్వేషాన్ని పిల్లలకు ఆస్తిగా ఇవ్వడం పాపం.

కనుక సంఘ పెద్దలు ముందు బలవంతుని దగ్గరకు పోవాలి. బలహీనుని దగ్గరకు పోయి సర్దుకొమ్మని చెప్పడం సులువు. బలవంతుని గడప ఎక్కడానికే విశ్వాసం కావాలి.

చేయగలిగినవి

మన రాష్ట్రంలో 2020 డిసెంబరులో భూముల రీసర్వే మొదలయింది. కొలతలు మారిన చోట, రాళ్లు నాటిన చోట పాత తగవులు మళ్లీ లేచాయి. అలాంటి ఇంట్లో ఉన్నవారు కొన్ని పనులు చేయవచ్చు.

మొదటిది, కాటుకపిట్ట చేసే పనే. అడగండి, బదులు చెప్పండి. గట్టు దగ్గర ఇద్దరే నిలబడి, కోపం లేని రోజున, పక్కన ఎగదోసేవారు లేకుండా మాట్లాడుకొనండి. సహోదరుడు తప్పిదము చేస్తే మొదట ఒంటరిగా పోయి మాట్లాడవలెనని ప్రభువు మత్తయి సువార్త 18వ అధ్యాయంలో చెప్పిన క్రమం ఇదే. ఒంటరిగా కుదరకపోతే ఒకరిద్దరిని తీసుకొని పోవాలి. ఆ తరువాతే సంఘము.

రెండవది, కొలత వేయించేటప్పుడు ఇరుపక్షాలూ కలిసి సర్వేయరును పిలిపించండి. ఒకరు పిలిపించిన కొలతను రెండవవారు నమ్మరు. ఇద్దరూ ఎదుట ఉండి కొలిపించుకొన్న రాయికి బలం ఎక్కువ.

మూడవది, కోర్టులో దావా ఉంటే లోక్ అదాలత్‌ను గూర్చి విచారించండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఇవి నడుస్తాయి. ఇద్దరూ ఒప్పుకొని రాజీపడితే అక్కడ ఇచ్చే అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు లేదు. కోర్టులో కట్టిన ఫీజు తిరిగి వస్తుంది. పంటమీద వచ్చింది కోర్టు తిరుగుడుకు పెట్టి, బిడ్డల చదువు ఆపిన కుటుంబాలు దీనిని తెలుసుకోవాలి.

నాలుగవది, తగవు తీరినా తీరకపోయినా పిల్లలను అందులోనికి దించకండి. వారి పేరు ఎత్తవద్దని పసివానికి చెప్పిన రోజున, మనము వానికి కూరిన బొమ్మను ఇచ్చి పొడువుమని చెప్పినట్లే. వాడు పెద్దవాడై, బొమ్మ లేని చోట కూడా పొడుస్తూనే ఉంటాడు.

శనగ కోతలు అయి, ఎండ తగిలే నాటికి నూనెబుడ్డిగాడు తన రాళ్లగుట్టను విడిచి ఉత్తరానికి ఎగిరిపోతుంది. చలికాలమంతా ప్రాణం పెట్టి కాపాడుకొన్న చోటు అది. దానిని వెంట తీసుకొని పోదు. మనమూ ఈ నేలమీద పరదేశులమే, యాత్రికులమే. ఉన్నంతకాలం మన గట్టును న్యాయంగా కాపాడుకొందాము. పోయేనాటికి దాని తగవును ఎవరికీ మిగల్చకుండా పోదాము.

ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 26వ అధ్యాయం 12 నుండి 33 వచనముల వరకు చదవండి. చదివిన తరువాత, గట్టు అవతలి కుటుంబంలోని వారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ప్రార్థించండి. పేరు చెప్పడం కష్టమైతే, ఆ పేరు కోసమే మరింత ప్రార్థించండి.